సమీక్ష లేనిదే గొంతెత్తరాదు

ఇలా రండి, గుమ్మం దగ్గరే నిలబడిపోతే ఎలా? ఆ పీట లాక్కుని నా మోకాలికి మీ మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. గట్టిగా చెప్పాల్సిన సంగతే గానీ, మా ఊళ్లో గట్టిగా మాట్లాడ్డానికి కాగితం కావాల్సి వచ్చిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పట్నుంచి నాకు మెల్లగా మొదలుపెట్టడం అలవాటైపోయింది. పోనుపోను గొంతు దానంతటదే లేస్తుంది, చూస్తారుగా.

మా ఊరు గెడ్డపాలెం. ఒక పక్క సముద్రం, ఒక పక్క జీడితోటలు, మధ్యలో పురపాలక సంఘం. ఆ ఆఫీసుకి ఎదురుగా నా కాఫీ హోటలు. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, నేను. రెండో తరగతితో చదువాపేశాను. అయినా ఆ ఆఫీసులోకి ఎవరు ఏ మొహంతో వెళ్లారో, ఏ మొహంతో బయటికొచ్చారో ముప్పై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. ఒక్క మొహం కూడా మర్చిపోలేదు.

నా తమ్ముడు సింహాద్రి తప్పెటగుళ్ల గురువు. రొమ్ముకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, మనిషెత్తు ఎగురుతారే, ఆ ఆట. నలభై మూడేళ్లు ఎగిరాడు. ఎగిరెగిరి మోకాళ్లు అరగ్గొట్టుకున్నాడు. పట్నం డాక్టరు ఎక్సరేలు దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "రెండూ మార్చాలి. సోమవారం వచ్చి చేరండి. తరవాత శుభ్రంగా నడుస్తారు. ఎగరడం మాత్రం ఉండదు" అన్నాడట. సింహాద్రి ఇంటికొచ్చి తప్పెట తుడిచి గోడకి తగిలించాడు. మళ్లీ దింపాడు. మళ్లీ తగిలించాడు. నేను కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

ఆ వారమే, మంగళవారం పొద్దున్న బస్సులో స్కాట్లాండు వాళ్లు దిగారు.

పన్నెండేళ్ల కిందట సర్కారు సింహాద్రి జట్టుని ఆ దేశంలో ఏదో ఉత్సవానికి పంపింది. అక్కడ వాన. వానంటే మన వాన కాదట, ఆగడం తెలియని వాన. ఒకే డేరాలో మా వాళ్లు ఆరుగురు, ఆ ఊరి పాటగాళ్లు ముగ్గురు తలదాచుకున్నారు. వాళ్లలో ఐల్సా అని ఒకావిడ, పగలు బస్సు నడిపి సాయంత్రం పాడే మనిషి, సింహాద్రి తప్పెట తన రొమ్ముకి కట్టించుకుని వాయించి చూసింది. వెళ్లేటప్పుడు "ఒకరోజు మీ ఊరొస్తాం, నీ పక్కన వాయిస్తాం" అంది. వానలో నిలబడ్డప్పుడు ఎవరైనా అలాగే అంటారు. ఈవిడ మాత్రం నిజంగానే వచ్చింది. జుట్టు సగం నెరిసింది, మిగతా సగానికి ఆకుపచ్చ రంగు వేసింది. వెంట అప్పటి డేరాలోని మిగతా ఇద్దరూ, డ్రమ్ములు వాయించే పొడుగాయన, గిటారు వాయించే పిల్ల. జట్టు పేరు 'తడిసిన అగ్గిపెట్టె'.

"ఏటే వీల్ల పాట?" అని నీలవేణిని అడిగాను. నీలవేణి సింహాద్రి కూతురు, కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెబుతుంది. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకి అందించింది ఆ పిల్లే.

"పంక్ అంటారత్తా. మూడు నిమిషాలు కోపంగా ఎగరడం."

"మూడు నిమిషాలకేనా? మీ నాన్న మూడు గంటలెగురుతాడు కదే."

"అందుకే కదా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు."

వాళ్ల వెనక కంపెనీ లేదు, పెద్దమనిషీ లేడు. పాట వాళ్లదే, వ్యాను వాళ్లదే, పోస్టరు వాళ్లదే. అన్నిటికంటే గొప్పది వాళ్ల కబుర్ల కాగితం. ఎక్కడ వాయించబోతున్నారు, వ్యాను ఎక్కడ మొరాయించింది, గిటారు పిల్ల ఏ పన్ను పీకించుకుంది, అన్నీ అందులో ఉంటాయి. వాటి కింద, పత్రికలవాళ్లు వీళ్ల గురించి రాసిన సమీక్షలు. ఏ ఊరు వెళ్లినా జిరాక్సు తీయించి పంచుతారు. మా పక్క కొట్లో మూడు వందలు తీయించి, ఒక కట్ట నా బల్ల మీదా పెట్టారు.

సమీక్షలు నీలవేణి చదివి చెప్పింది. పెద్ద అక్షరాలతో మొదటిది: "ఈ జట్టు వాయించిన రాత్రి మా ఊరి పావురాలు వలస వెళ్లాయి. ఇంకా తిరిగి రాలేదు." రెండోది: "గాయని గొంతు తుప్పుపట్టిన గేటు. గేటుకైతే నూనె వేయవచ్చు." మూడోది: "పాటలు చిన్నవి. అదొక్కటే ఊరట."

నేను నోరు నొక్కుకున్నాను. "ఓలమ్మ, ఇలగ తిట్టిన కాయితం ఎవులైనా పంచుతారా?"

నీలవేణి అడిగింది. ఐల్సా నా మినపవడ నములుతూ జవాబు చెప్పింది. "బాగుందని రాసినవాళ్లు స్నేహితులు. బాగోలేదని రాసినవాళ్లు విన్నవాళ్లు. విన్నవాళ్లది ముందు వేసుకుంటాం. బాగున్నవి వెనకాల, చిన్నక్షరాల్లో, ఎవరికీ అడ్డం రాకుండా."

శనివారం సాయంత్రం పురమందిరంలో అందరూ కలిసి వాయించాలని అనుకున్నారు. సింహాద్రి గోడ మీది తప్పెట దింపాడు, ఈసారి మళ్లీ తగిలించలేదు. ఇంక దరఖాస్తు పెట్టడమే మిగిలింది.

దరఖాస్తుకి ముందు ఒక పావురం సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడు మా పురమందిరంలో ఒక ఇంద్రజాలం ఆయన టోపీలోంచి పావురాన్ని తీయబోతే, అది ముందే లేచిపోయి ముఖ్య అతిథి నెత్తిన వాలింది. వాలి ఊరుకోలేదు కూడా. ఆ ముఖ్య అతిథి జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు. ఆయన తల తుడుచుకుని వెళ్లిన మర్నాడే మా కమీషనరు విభూషణరావుగారు ఒక నిబంధన తెచ్చారు. 'పురమందిరమునందు ప్రదర్శన ఇవ్వగోరు వ్యక్తి గాని, బృందము గాని, గుర్తింపు పొందిన వేదికపై తాము ఇచ్చిన పూర్వ ప్రదర్శనలకు సంబంధించి పత్రికలందు వెలువడిన మూడు సమీక్షలను విధిగా జతపరచవలెను.' చెడ్డ ఆట ఆడకముందే పట్టుకోవాలని ఆయన ఉద్దేశం. ఆ ఏడాదిలో పురమందిరంలో ఏ ఆటా జరగలేదు. దాంతో చెడ్డ ఆట ఒక్కటీ జరగలేదని పైకి నివేదిక వెళ్లింది.

దరఖాస్తులు చూసేది సీనియర్ అసిస్టెంటు దండపాణి. చెడ్డవాడు కాదు. రూలుకి ఒక అక్షరం అటూ ఇటూ కానివ్వడు, అంతే. ఒకసారి తన సెలవు చీటీలో తారీఖు తప్పు పడిందని తన సెలవు తనే కొట్టేసుకుని, కూతురి నిశ్చితార్థం రోజున ఆఫీసులో కూర్చున్న మనిషి.

సింహాద్రి నలభై మూడేళ్లలో పేపర్లో ఒక్కసారి పడ్డాడు. తీర్థంలో ఆడుతుంటే ఒక ఆంబోతు జనంలోకి దూసుకొచ్చిన వార్త. ఆ ముక్క మడతలు చినగకుండా దాచుకుని పట్టుకెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను.

దండపాణి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "ఇందులో మీరెక్కడ?"

"ఆ కొమ్ము ఎనకాల, బావూ. సెయ్యి అగుపిస్తంది సూడండి."

"వార్త ఎద్దు గురించి కదా."

"ఎద్దు నా తప్పెట ఇనే వొచ్చింది బావూ."

"అయితే అది ఎద్దు అభిప్రాయం. పత్రిక అభిప్రాయం కాదు."

"నలభై మూడేల్లు ఎగిరినాను బావూ. ఊరంతా సూసింది."

"ఎక్కడ ఎగిరారు?"

"ఈదుల్లోన. కల్లాల్లోన. తీర్తాల్లోన."

"గుర్తింపు పొందిన వేదిక మీద?"

సింహాద్రి ఆ దేశం డేరా సంగతి ఎత్తాడు గానీ, దానికి కాగితం ముక్కైనా లేదు. దండపాణి నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "వీధిలో ఎగిరినది రూలు ప్రకారం రాకపోకల కిందికి వస్తుందండి. కళ కిందికి రాదు."

ఇక స్కాట్లాండు వాళ్ల దరఖాస్తు. కబుర్ల కాగితమే జతపరిచారు. దండపాణి దాన్ని ముందూ వెనకా చూసి, రెండు వైపులా 'పత్రిక, దాఖలైనది' అని ముద్ర వేశాడు. ముందు పేజీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. చదువుతున్నకొద్దీ చెమట పట్టింది. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆయనకి తెలిసిన విషయం ఒకటే. ఎవరి మీదైనా వ్యతిరేక వ్యాఖ్యలు నమోదైతే వాళ్ల దగ్గర సంజాయిషీ తీసుకోవాలి. బుధవారం సాయంత్రానికి మెమో తయారైంది.

'విషయము: పావురముల వలసకు కారణమగుట, గొంతు తుప్పుపట్టియుండుట మున్నగు తీవ్ర అభియోగములు. మీపై తగు చర్య ఎందులకు తీసుకొనరాదో ఇరవై నాలుగు గంటలలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలసినది.' కింద కమీషనరుగారి సంతకం, గుండ్రటి ముద్ర.

నీలవేణి భయపడుతూ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఐల్సా లేచి నిలబడింది. రెండు చేతులతో ఆ మెమో పట్టుకుని, "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివింది. పొడుగాయన కళ్లు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నా ఒక ప్రభుత్వం తమని ఇంత పట్టించుకోవడం ఇదే మొదటిసారట. ఆ సాయంత్రమే కొత్త కాగితం వేశారు. పావురాల సమీక్ష కిందికి దిగి, కమీషనరుగారి మెమో గుండ్రటి ముద్రతో సహా అందరికంటే పైకి ఎక్కింది. వెనక పేజీ మాత్రం పాతదే. ఎలాగూ ఎవరూ చదవరు కదా.

సంజాయిషీ కూడా వెంటనే రాసిచ్చారు. రెండే వాక్యాలు. 'ఆరోపణలన్నీ నిజం. ప్రస్తుతం మేము అంతకన్నా అధ్వానంగా ఉన్నాము.'

దండపాణి ఆ కాగితం పట్టుకుని నా హోటలుకొచ్చి కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఒక కాఫీ. ఇరవై తొమ్మిదేళ్లలో అభియోగం ఒప్పుకున్నవాడు లేడు. ఒప్పుకుంటే తరవాత ఏం చేయాలో రూలే లేదు."

"మరేటి సేస్తావు బావూ?"

"రూలు లేకపోతే ఫైలు మూసేయాలి." మూసేశాడు. 'అభియోగములను పూర్తిగా అంగీకరించినందున సంజాయిషీ సంతృప్తికరము. సమీక్షలు మంచివై యుండవలెనని నిబంధనలో లేదు. అనుమతించవచ్చును.'

అలా గురువారానికి పావురాల్ని తోలేసినవాళ్లకి పురమందిరం దొరికింది. సింహాద్రికి దొరకలేదు.

"ఆయన లేకుండా మేం వాయించం" అంది ఐల్సా. "హాలు వద్దు. రేవు మైదానంలో ఆడదాం." అందరికీ బాగానే తోచింది. కానీ కమీషనరుగారు అప్పటికే 'అంతర్జాతీయ సాంస్కృతిక సాయంత్రం' అని శుభలేఖలు అచ్చు వేయించి, పావురం వాలిన ఆ జిల్లా ఆఫీసరునే మళ్లీ పిలిచారు. జట్టు మైదానానికి పోతే ఖాళీ హాల్లో ఆయన్ని ఎవరితో కూర్చోబెడతారు? శుక్రవారం పొద్దున్నే రెండో ఉత్తర్వు దిగింది. 'పురపాలక పరిధిలో, కప్పు ఉన్నను లేకున్నను, బహిరంగముగా గొంతెత్తు ప్రతి వ్యక్తికిని సమీక్షా నిబంధన వర్తించును.'

దాన్ని చాటడానికి మైకు కట్టిన ఆటో బయల్దేరింది. "ఇందుమూలముగా యావన్మందికీ..." అనేసరికి దండపాణి పరిగెత్తుకెళ్లి ఆపాడు. చాటే అతనికి సమీక్ష లేదు. తరవాత ఆ ఆటో ఒక బోర్డు తగిలించుకుని ఊరంతా నోరు మూసుకుని తిరిగింది. జనం తీర్థం చూసినట్టు చూశారు.

చిల్లర బేరగాళ్ల మీద దయతలచి 'తాత్కాలిక సమీక్ష' అని ఒకటి పెట్టారు. ఒక్క సమీక్ష చాలు, ముప్పై రోజులు చెల్లుతుంది. అందులో రాసిన కేక మాత్రమే వేయాలి. మా ఊరికున్న ఒకే ఒక విలేఖరి లోకనాథం. అంతవరకూ బస్టాండులో అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ రోజు అతని ఇంటి ముందు వరస రేవుదాకా సాగింది. ఐస్‌ఫ్రూటు ఆయన, బస్సు కండక్టరు, పాత ఇనప సామాను కొనేవాడు, చేపల పోలమ్మ, నేను. ఒక్కొక్కళ్లం గుమ్మంలో నిలబడి మా కేక వేయడం, అతను కళ్లు మూసుకుని విని రాయడం.

నాకు రాసింది: 'పైడమ్మగారి వేడి ఇడ్లీ కేకలో ఆవిరి ఉంది.' పోలమ్మకి రాసింది: 'పోలమ్మ పిలుపులో తాజాదనం ఉంది. చేపల గురించి ఆ మాట అనలేము.'

పోలమ్మ గంప దించి చీర బిగించింది. "ఓరి లోకనాతం! నా సేపలు నిన్నటివా? నీ పేపరు నిన్నటిది కాదేటి? నిన్న జరిగిందే కదరా రోజూ రాస్తావు!"

"పిన్నీ, ఇది సమీక్ష. రెండు వైపులా రాయాల."

"నా సేపకీ రెండు పక్కలుంటాయి, వొండుకుని తిను!"

తిట్టిన తిట్టుకి సమీక్ష లేదని మళ్లీ వరసలో నిలబెట్టబోయారు గానీ, ఆమె జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సింహాద్రికీ లోకనాథం రాసిస్తానన్నాడు. దండపాణి ఒప్పలేదు. తాత్కాలికం బేరానికే గానీ కళకి కాదు. కళకి మూడు సమీక్షలు, గుర్తింపు పొందిన వేదిక, రెండూ ఉండాలి. ఊరి పొలిమేర దాటి జీడితోటలో ఆడదామని నీలవేణి అంది. సింహాద్రి తల అడ్డంగా ఊపాడు.

"నాను దొంగనేటి, తోటలోన నక్కి ఎగరడానికి? ఆకరిసారి నా ఊరి నడిమిట్ల ఎగరాల. నేకపోతే నేదు." అని గజ్జెలు విప్పి గుడ్డలో చుట్టాడు. ఆ చుట్టడం చూడలేక నేను బయటికొచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం దండపాణి కాఫీకి వచ్చాడు. పంచదార కలుపుతూ, చాలా అమాయకంగా అడిగాను.

"బావూ, ఈ సాయంత్రం కమీషనరు బావు మాటాడతారంట కదా?"

"అవును పెద్దమ్మా. నలభై నిమిషాల ప్రారంభోపన్యాసం."

"పాపం, సమీచ్చలు తెచ్చుకున్నారా?"

దండపాణికి కాఫీ గొంతులో అడ్డం పడింది. గ్లాసు దించి లేచాడు. డబ్బులు ఇవ్వడం మర్చిపోవడం అతని జీవితంలో అదొక్కసారే.

తరవాత ఆఫీసులో జరిగింది అటెండరు నాకు చెప్పాడు. 'ప్రతి వ్యక్తికిని' అని రాసింది కమీషనరుగారే. 'కమీషనరు తప్ప' అని రాయలేదు. లోకనాథాన్ని పిలిపించి పదేళ్ల పేపర్లు తిరగేయించారు. 'కమీషనరు ప్రసంగించారు', 'కమీషనరు ఉద్ఘాటించారు' అనే ప్రతిసారీ ఉంది. బాగా ప్రసంగించారని గానీ, బాగోలేదని గానీ ఎక్కడా లేదు. ఉపన్యాసం కళ కిందికి రాదు కాబట్టి ఒక్కటి చాలన్నారు, ఎట్టకేలకు ఆ ఒక్కటి దొరికింది. 'కమీషనరు ప్రసంగిస్తుండగా కరెంటు పోవడంతో ప్రజలు హర్షధ్వానాలు చేశారు.'

"ఇది వ్యతిరేక వ్యాఖ్యండి" అన్నాడు దండపాణి, నేల చూస్తూ. "తమరు తమరికి మెమో ఇచ్చుకోవాలండి. దాఖలా ఉంది కాబట్టి, అభియోగం ఒప్పుకుంటే సంతృప్తికరమని మూసేయవచ్చండి."

కమీషనరుగారు మెమో మీద సంతకం పెట్టారు. రెండో కాపీ మీద, అందినట్టు సంతకం పెట్టారు. కానీ ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. 'ప్రజల హర్షము కరెంటు శాఖకు సంబంధించినది' అని వాదించారు. ఆ వాదన పరిశీలనలో ఉండగానే సాయంత్రం ఆరయింది.

పురమందిరం కిటకిటలాడింది. వేదిక మీద జిల్లా ఆఫీసరు నెత్తిన టోపీ పెట్టుకుని కూర్చున్నారు. పక్కన కమీషనరుగారు, ఉపన్యాసం చేతిలో, నోటికి మూత. ఆహ్వానం పలకాల్సిన మాస్టారికి సమీక్ష లేదు. దీపం వెలిగించారు, శ్లోకం చదవాల్సిన అమ్మాయికి సమీక్ష లేదు. స్కాట్లాండు వాళ్లు ఎక్కారు. వాళ్లకి అనుమతి ఉంది. కానీ ఐల్సా కుర్చీ వేసుకుని మైకు ముందు కూర్చుని చేతులు కట్టుకుంది. సింహాద్రి వచ్చేదాకా వాయించేది లేదట. సింహాద్రి మొదటి వరసలో, గజ్జెల మూట ఒళ్లో పెట్టుకుని తల దించుకుని ఉన్నాడు. అయిదు వందల మంది జనం, పైన ఫ్యాన్ల చప్పుడు, అంతే.

పది నిమిషాలయ్యాక పోలమ్మ ఉండబట్టలేకపోయింది. తన కాగితంలో ఉన్న కేకే వేసింది. "సేపలో! వొంజరాలో! సావిడాయిలో!" నవ్వకూడదని జనం పైట కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

నేను గుమ్మం పక్కన వడల బుట్టతో నిలబడ్డాను. ఏం చేయాలో తోచక ఒక వడ తీసి కాగితంలో చుట్టాను. అది వాళ్ల కబుర్ల కాగితమే. నా దగ్గర కట్ట ఉందిగా, రెండు రోజులుగా వడలు వాటిలోనే ఇస్తున్నాను. నూనె పీల్చి కాగితం తళతళలాడింది. వెనక పేజీలో అడుగున, అగ్గిపెట్టెంత బొమ్మ ఒకటి పైకి తేలింది.

ఆరుగురు మనుషులు. రొమ్ముల మీద తప్పెటలు. మధ్యలో గాల్లో ఉన్నవాడి తలపాగా ముడి ఎడమ చెవి మీద ఉంది.

మా ఊళ్లో ఎడమ చెవి మీద ముడి వేసేవాడు ఒక్కడే. చిన్నప్పుడు ఆ ముడి వేయడం నేర్పింది నేనే. నాకు ఎడమ చేతి వాటం.

ఇంగ్లీషు నాకు రాదు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. కానీ ఆ బొమ్మ కింద ఉన్న చీమల్లాంటి అక్షరాలు నా తమ్ముడివేనని తెలిసిపోయింది. అరవాలి. నాకు ఉన్న అనుమతి ఒక్క కేకకే. సరే, అదే వేశాను.

"వేడి ఇడ్లీ!" అంటూ జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. "వేడి వేడి ఇడ్లీ!" దండపాణి అడ్డం రాబోయి, కేక సమీక్షలో ఉన్నదే కాబట్టి తప్పుకున్నాడు. వడ తీసి అతని చేతిలో పెట్టి, కాగితం నీలవేణి మొహం ముందు పెట్టాను.

నీలవేణి చదివింది. చదువుతూనే కుర్చీలో కూలబడింది. గొంతెత్తకూడదు కదా, దండపాణి చెవిలో చెప్పింది. అతను ఫైలు తెరిచి, అసలు కాగితం వెనక్కి తిప్పాడు. అక్కడా అదే బొమ్మ. దాని మీద అతను స్వహస్తాలతో వేసిన ముద్ర: 'పత్రిక, దాఖలైనది.' మూడు రోజులుగా ఆ ఫైల్లోనే ఉంది.

"మూడుండాలి" అన్నాడు గుసగుసగా.

"మూడే. ఆవిడది, పొడుగాయనది, గిటారు పిల్లది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి."

"వేదిక? డేరా అంటున్నారు కదా?"

నీలవేణి ఇంకో ముక్క చదివింది. "ఆ నగర పురపాలక సంఘం వేయించిన డేరా."

దండపాణి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లజోడే తుడుచుకున్నాడా అంటే చెప్పలేను. "పురపాలక సంఘం వేసినది డేరా అయినా వేదికే" అని, అక్కడే నిలబడి, నా వడ సంకలో ఇరికించుకుని, సంతకం పెట్టాడు.

ఐల్సాకి సంగతి చెబితే ఆవిడ నుదురు కొట్టుకుంది. "అదా? అది మేం రాసుకున్న రాత కదా. మా రాత ఎవరు లెక్కపెడతారనుకున్నాం!" అని మైకు ముందుకొచ్చి, తనే చదివింది. ఆవిడకి అనుమతి ఉంది. నీలవేణి తెలుగు చేసింది. దాఖలైన పత్రిక చదివితే అది గొంతెత్తడం కాదు, ఫైలు చదవడమే అని దండపాణి అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు.

"ఆరుగురు మనుషులు వానలో తడిసి వచ్చారు. రొమ్ములకి రేకులు కట్టుకుని మూడు గంటలు ఎగిరారు. కోపం అంటే ఏమిటో మాకు తెలుసనుకునేవాళ్లం. సంతోషం అంతకంటే గట్టిగా మోగుతుందని ఆ రోజు తెలిసింది. ఆ తరవాత మేం వాయించనవసరం లేదు. వాయించాం. జనం వెళ్లిపోయారు. సరైన పనే చేశారు."

సింహాద్రి గజ్జెల మూట విప్పలేకపోయాడు. నేనే విప్పి, ఒంగి కట్టాను. తలపాగా ముడి తనే వేసుకున్నాడు, ఎడమ చెవి మీద.

ఎలా ఎగిరాడని నన్ను అడక్కండి, చెప్పలేను. ముందు తప్పెట మోగింది, వెనక డ్రమ్ములు, వాటి వెనక తుప్పుపట్టిన గేటు. మా సింహాద్రి పాట ఎత్తుకుంటే ఐల్సా మాట తెలియక అరుపు అందుకుంది, ఆ అరుపు పాటలో సరిగ్గా సరిపోయింది. జిల్లా ఆఫీసరు టోపీ తీసి తొడ మీద తాళం వేశారు. కమీషనరుగారు చప్పట్లు కొట్టవచ్చా అని దండపాణి వైపు చూశారు. ఉత్తర్వులో గొంతు ఒక్కటే ఉంది, చేతులు లేవు. కొట్టారు. ఆయన నలభై నిమిషాల ఉపన్యాసం ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు కరెంటు పోలేదు, జనం హర్షం మాత్రం ఆగలేదు.

సోమవారం మోకాళ్లు మార్చారు. మంగళవారం పేపరు ఆసుపత్రికి పట్టుకెళ్లాను. లోకనాథం రాశాడు. నలభై మూడేళ్లకి మా వాడి మీద మా ఊరి పేపర్లో పడిన మొదటి రాత. నీలవేణి చదివింది. అంతా బాగుందని రాసి, చివర ఒక మాట పెట్టాడు. 'మూడో పాటలో కుడి కాలు అడుగు ఒకటి తప్పింది.'

నాకు ఒళ్లు మండింది. "ఆడి సెయ్యి ఇరగ! ఆకరి ఆటకి కూడా వొంక పెట్టాలేటి?"

సింహాద్రి కట్లు కట్టిన కాళ్లు చాపుకుని, ఆ పేపరు అడిగి తీసుకున్నాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"నేదప్పా. తప్పింది నిజివే. నాకొక్కడికే తెలుసు అనుకున్నాను." కాసేపు నవ్వుకున్నాడు. "ఆడు నా కాలే సూసినాడప్పా. మూడు గంటలూ కాలే సూసినాడు."

ఆ ముక్క ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉంది, తప్పెట పక్కన. ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర సిరాతో గీత. స్కాట్లాండు నుంచి తరవాత వచ్చిన కబుర్ల కాగితంలో కూడా అదే వాక్యం, అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో. మెమో రెండో వరసకి దిగింది. ఆ ఉత్తర్వులు రద్దయ్యాయో లేదో నాకు తెలియదు. రద్దయ్యాయని చాటడానికి వచ్చిన ఆటోని కూడా దండపాణి ఆపేశాడని విన్నాను.

ఇదీ సంగతి. ఇది చెప్పడానికి నా దగ్గర మూడు సమీక్షలు లేవు, 'వేడి ఇడ్లీ'కున్న ముప్పై రోజులూ ఎప్పుడో దాటిపోయాయి. కాబట్టి నేను చెప్పినట్టు ఎవరితోనూ అనకండి, మీరే చెప్పండి. ఆ ఎడమ చెవి ముడి మర్చిపోకండి, తప్పిన అడుగు అసలు మర్చిపోకండి. విన్నవాళ్లలో ఎవరైనా "ముసల్ది ఇక్కడ సాగదీసింది, అక్కడ కోతలు కోసింది" అంటే, వాళ్ల పేరు అడిగి వచ్చి నాకు చెప్పండి. వాళ్లకి నా చేత్తో ఒక వడ పెట్టాలి.